పీత ఉన్న చోట మొసలి

బ్యారేజీ మీద వెళ్తున్న బస్సులోకి కిటికీలోంచి చేప ఎగిరిపడిందని ఒకసారి మా ఇంట్లో చెప్పాను. పడిన మాట నిజం. దాని సైజు దగ్గరే కాస్త చెయ్యి జారింది. అప్పటినుంచి నేనేం చెప్పినా మా ఆవిడ ముందు నా మొహం చూస్తుంది, తర్వాత గోడ గడియారం వంక చూస్తుంది. అందుకే, అంతరిక్ష యుద్ధం ఆడే వీడియోగేమ్ మిషన్ మీద రొయ్య బొమ్మ ఉండేదని నేనంటే ఎవరూ నమ్మలేదు. అందులో వింతేమీ లేదు. ఆ రొయ్యని కళ్ళారా చూసినవాడు కూడా నమ్మనట్టు నటించడమే నాకు అనుమానం తెప్పించింది.

అతను మా బావమరిది. తొంభైల్లో, మేమింకా బంధువులం కాకముందు, పటమటలో మా ఇళ్ళ మధ్య రెండు వీధులు ఉండేవి. బెంజ్ సర్కిల్‌కి వెళ్ళే దారిలో, టైర్ల కొట్టు వెనక షట్టర్లో ఒకాయన వీడియోగేమ్స్ షాపు పెట్టాడు. బందరు వైపు మనిషి. వాళ్ళింట్లో అందరిదీ చేపల వ్యాపారం. మద్రాసు నుంచి తెప్పించిన పాత మిషన్‌కి తెర చుట్టూ ఉండే బొమ్మల అద్దం దారిలో పగిలిపోయింది. ఇంకొకరైతే నల్ల అట్ట అంటించి ఊరుకునేవారు. ఆయన ఊరుకోలేదు.

"పడవైనా మిషనైనా బోసిగా దించకూడదండీ. కలిసిరాదు," అని, ఊరి నుంచి పడవలకి రంగులేసే మనిషిని పిలిపించాడు.

ఆ వచ్చినాయనకి రాకెట్లు తెలీవు. తెలిసిందే వేశాడు. కొత్త గాజు మీద పైన పెద్ద రొయ్య, పక్కల రెండు పండుగప్ప చేపలు, కింద పీత, నాలుగు మూలలా పసుపూ కుంకుమా. లోపల గ్రహాలు పేలిపోతుంటే ఆ వెలుగుకి రొయ్య మీసాలు కదులుతున్నట్టుండేవి. సాయంత్రాలు నేనూ, కాబోయే బావమరిదీ ఆ గాజుకి ముక్కులానించి ఆడేవాళ్ళం.

పదేళ్ళు దాటాక, నాకు పెళ్ళయి, ఇంటికి ఇంటర్నెట్ వచ్చి, వెడల్పు తెర మానిటర్ కొన్నాక, పాత ఆటల్ని కొత్త కంప్యూటర్లో ఆడించే సాఫ్ట్‌వేర్ దొరికింది. పాత ఆట తెర పొడుగ్గా ఉంటుంది, కొత్త మానిటర్ అడ్డంగా ఉంటుంది. రెండు పక్కలా నల్లగా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో అసలు మిషన్ మీద ఉండే బొమ్మల చట్రాన్ని గీసి పెట్టేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారని, దాన్ని బెజెల్ అంటారని, వాళ్ళకో గ్రూపు ఉందని తెలిసింది. చేరిపోయాను. ఆదివారాలన్నీ రొయ్యకే ఖర్చయిపోయాయి. పెంకు మీద ఒక్కో గీతా మౌస్‌తో లాగుతూ, గాజు మీది మరకల్ని కూడా గుర్తు తెచ్చుకుని వేశాను.

గ్రూపుకో నియమం ఉంది. అసలు మిషన్ల చట్రాలు ఒక వరసలో, సొంత కల్పనలు ఇంకో వరసలో పెడతారు. ఫొటో లేకపోతే, దాన్ని చూసిన మనిషి ఇంకొకరు వచ్చి చెప్పాలి. నా రొయ్యని తీసుకెళ్ళి కల్పనల్లో పడేశారు. జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్తే దక్కిన మర్యాద అది. దాన్ని అసలు వరసలోకి ఎక్కించే దాకా నాకు అన్నం సయించేలా లేదు.

ఆదివారం భోజనాల దగ్గర, మామగారి ముందే బావమరిదిని అడిగాను.

"ఒరేయ్, ఆ రొయ్యని నువ్వు చూశావు కదరా?"

"ఏ రొయ్య బావా? నేనసలు ఆ షాపు గడపే తొక్కలేదు," అన్నాడు పప్పు కలుపుకుంటూ. "నమ్మకండి నాన్నా. రేపు బావ చంద్రుడి మీద చేపల పులుసు తిన్నానంటాడు."

మామగారు మజ్జిగ పోసుకుంటూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. మా ఆవిడ అప్పడాలు తెస్తానని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆ వారంలోనే గ్రూపులో ఒక కొత్త సభ్యుడు ఊడిపడ్డాడు. ఊరూ పేరూ లేదు. "ఆ చట్రాన్ని నేను చూశాను. రొయ్య మీసాలు రెండూ ఎడమ వైపుకే వంగి ఉండేవి," అని రాశాడు. నా ఒళ్ళు జల్లుమంది. నిజమే, రెండూ ఎడమకే ఉండేవి. నేనే ఒకదాన్ని అందం కోసం కుడికి తిప్పాను.

ఆ సంబరం ఒక పూటే. గ్రూపు పెద్దమనిషి నాకు విడిగా మెయిల్ పెట్టాడు. నీ మెసేజీలూ, నీ సాక్షి మెసేజీలూ ఒకే ఇంటి కనెక్షన్ నుంచి వస్తున్నాయి, ఇలాంటి వేషాలు వేస్తే తీసేస్తాం అని.

ఒకే ఇల్లు! అంటే మా ఇల్లే. మెయిల్ చూసుకోవాలంటూ వారానికి రెండుసార్లు వచ్చి నా కుర్చీలో కూర్చునే మనిషి ఒక్కడే. ఇక్కడ తెలీదంటాడు, అక్కడ తెలుసంటాడు. నన్ను అబద్ధాలకోరుగా ప్రపంచానికి చూపించి తరిమేయించాలనే ఇదంతా అని తేల్చుకున్నాను. ఇక నిఘా పెట్టాను. కుర్చీ ఎత్తు మారిందా, కీబోర్డు మీద మిక్చర్ పొడి ఉందా అని చూసేవాణ్ణి. పొడి ఉండేది. ఇంకేం కావాలి?

వల పన్నాను. మీసాన్ని మళ్ళీ ఎడమకి దిద్ది, కింద పీతని చెరిపేసి ఆ స్థానంలో మొసలిని గీశాను. పళ్ళు కనిపించేలా, బలంగా. గ్రూపులో పెట్టాను. ఆ మిషన్ ముందు కూర్చుని ఆడినవాడెవడూ దాన్ని చూసి ఊరుకోలేడు. వాడు పీత సంగతి గ్రూపులో రాయడమే ఆలస్యం, పట్టుకుంటాను.

మర్నాడు ఆ అజ్ఞాత సభ్యుడు రాశాడు. "ఈసారి మీసాలు చక్కగా కుదిరాయి. రొయ్య కన్ను ఇంకొంచెం పెద్దది." అంతే. మొసలి ఊసే లేదు. అప్పుడు పాత మెసేజీలు కూడా తిరగేసి చూశాను. ఎంతసేపూ పై సగం గురించే. ఇతను అద్దం కింది సగాన్ని ఎప్పుడూ చూడలేదా ఏమిటి? నా అనుమానానికే అనుమానం వచ్చింది.

తర్వాతి ఆదివారం భోజనాలయ్యాక అందర్నీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఆట పెట్టాను. తెర వెలిగింది. మామగారు కళ్ళజోడు సర్దుకున్నారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, మా తలల మీదుగా మునివేళ్ళ మీద లేచి చూస్తోంది.

బావమరిది వక్కపొడి నములుతూ వంగాడు. నమలడం ఆగిపోయింది.

"మొసలేంటి బావా! అక్కడ ఉండేది పీత కదా! దాని డెక్క మీదే కదా మనం చెయ్యి ఆనించేది!"

మామగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"సాయంత్రాలు లెక్కల ట్యూషన్‌కి కదరా వెళ్ళేవాడివి. పీత సంగతి నీకెలా తెలుసు?"

ఇద్దరు పిల్లల తండ్రి, ఆఫీసులో తన కింద పదిమంది మీద అరిచే మనిషి, బడిలో బెంచీ ఎక్కినవాడిలా నించున్నాడు. ఇన్నాళ్ళూ వాడు భయపడింది నాకు కాదు, నా రొయ్యకీ కాదు. ఆ ట్యూషన్‌కి.

"మరి ఆ మెసేజీలు రాసింది నువ్వు కాదట్రా?" అన్నాను.

"ఏ మెసేజీలు?"

గుమ్మంలోంచి మా ఆవిడ అంది. "అమ్మ నన్ను పంపేదండీ, వీణ్ణి లాక్కురమ్మని. ఆడపిల్లని, లోపలికి రాకూడదు కదా, గుమ్మంలోనే నిలబడేదాన్ని. మీ తలకాయల మీదుగా పై రొయ్య ఒక్కటే కనిపించేది. నాన్నతో చెప్పనని వీడికి మాటిచ్చాను. నోరు విప్పనన్నాను గానీ, రాయనని అన్లేదుగా."

"మిక్చరో?"

"నేనే తిన్నాను."

గ్రూపు నియమం, ఆ మెయిలూ అన్నీ నాచేత చెప్పించుకున్నాక కూడా మామగారు నవ్వలేదు. కొడుకుని కుర్చీలో కూర్చోమన్నారు. "ఇప్పుడు కాదు, రేపు మీ ఆఫీసు నుంచి రాయి, వేరే చోటు నుంచి వచ్చినట్టు తెలుస్తుంది. ముందు ఏం రాస్తావో ఇక్కడ నాకు చదివి వినిపించు. అల్లుడి మాట నిజమని రాయి. రోజూ వెళ్ళేవాణ్ణని కూడా రాయి."

"రోజూ అక్కర్లేదేమో నాన్నా..."

"పీత డెక్క మీద చెయ్యి పెట్టింది ఒక్కరోజేనా?"

మొసలిని తీసేసి పీతని మళ్ళీ పెట్టాను. ఆ వారంలోనే రొయ్య అసలు మిషన్ల వరసలోకి ఎక్కింది. దాని కింద సాక్షి మాటలు ఇంగ్లీషులో ఇప్పటికీ ఉన్నాయి. చిత్రం గురించి ఒక వాక్యం, లెక్కల మాస్టారికి క్షమాపణ చెప్తూ మూడు వాక్యాలు.