పది నిమిషాలు ముందున్న గడియారం

మా కోడలిని ఆసుపత్రిలో అందరూ ‘రెండో కాపీ’ అంటారు. ఇంటి తాళంచెవికి, కళ్లజోడుకి, చివరికి కూరగాయల చీటీకి కూడా తన దగ్గర జోడీ ఉంటుంది. పెళ్లికి ముందు మా అబ్బాయికి కవల తమ్ముడున్నాడేమోనని వాకబు చేసిందని నేను ఊరంతా చెప్పాను. తను నవ్వి, "లేడని తెలిసే కదా మామయ్యా, ఈయన్ని ఇంత జాగ్రత్తగా చూసుకుంటున్నా" అంది.

తన ఉద్యోగమూ అదే. ఆసుపత్రి కంప్యూటర్లలో ఉన్నదంతా రోజూ నెట్‌వర్క్ మీదుగా వెనక గదిలోని బ్యాకప్ పెట్టెలోకి నకలు తీసి దాచడం. పొద్దున్నే తెర మీద పచ్చ గుర్తు కనబడితే ప్రాణం కుదుటపడేది. ఆరేళ్లుగా పచ్చ గుర్తే. దాచినదాన్ని తిరిగి తీయాల్సిన అవసరం మాత్రం ఒక్కసారీ రాలేదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం స్కాన్‌లు ఉండే డిస్కు చచ్చిపోయింది. నాలుగింటికి ఒక పెద్దావిడకి తలలో కణితి తీయాలి, వాయిదా వేస్తే ప్రాణానికే ముప్పు. ముందు రోజు తీసిన స్కాన్ అందులోనే ఉంది. మళ్లీ తీయాలంటే స్కాన్ మందు మరోసారి నరంలోకి ఎక్కించాలి. ఆవిడ మూత్రపిండాలు తట్టుకోవు.

"రెండో కాపీ గారూ, మొదటిది పోయింది. ఇక మీరే దిక్కు" అన్నాడు స్కాన్ గది టెక్నీషియన్. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

కోడలు బ్యాకప్ తెరవబోయింది. ‘అనుమతి లేదు’ అంది తెర.

కేబుల్ బిగువుగానే ఉంది. నెట్‌వర్క్ మీద పెట్టెను పలకరిస్తే పలుకుతోంది. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టింది. అనుమతి లేదు. చీటీ తీసి ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టింది. లేదు. నాలుగోసారీ అదే. ఐదోసారి తప్పితే ఆ పెట్టె రేపటిదాకా తలుపు తీయదు.

చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ పొద్దున్నే తనే పెట్టె విప్పి, లోపలి గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ మార్చింది. అప్పుడేమైనా పాడుచేసిందా? ఆరేళ్ల పచ్చ గుర్తుల వెనక అసలేమీ లేదా?

సర్జన్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమ్మా, దొరికిందా? బయట ఆవిడ కూతురు నా మొహమే చూస్తోంది."

"ఇంకా లేదు సార్. ఇరవై నిమిషాలే ఉంది..."

"ఇరవయ్యేంటి? అరగంటుంది. నా వాచీ చూడు, మూడున్నర."

కోడలు గోడ గడియారం వైపు చూసింది. మూడూ నలభై. తన ముందున్న సర్వర్ తెర మూలన చూసింది. మూడున్నరే.

ఆ గోడ గడియారాన్ని ముందుకు తిప్పింది తనే. ఆ అలవాటు నేర్పింది నేను. కాన్వెంటులో గంట కొట్టాక గేటు దాటినందుకు సిస్టర్ గారి స్కేలు దెబ్బలు తిన్నప్పటి నుంచీ నా గడియారాలన్నీ పది నిమిషాలు ముందే ఉంటాయి. మా ఇంట్లో సూర్యుడు కూడా పది నిమిషాలు ముందే లేస్తాడు. పొద్దున బ్యాటరీ మార్చాక తను పెట్టె సమయాన్ని ఆ గోడ గడియారం చూసే సరిచేసింది. సర్వర్ గడియారానికీ పెట్టె గడియారానికీ ఐదు నిమిషాలకి మించి తేడా వస్తే, పాస్‌వర్డ్ సరైనదైనా ఆ సాఫ్ట్‌వేర్ మనల్ని దొంగ అనుకుంటుంది.

కోడలు వెనక గదికి పరుగెత్తి, పెట్టె మీదున్న మీటలతో సమయం వెనక్కి తిప్పింది. తిరిగొచ్చి పాస్‌వర్డ్ కొట్టి ఆగిపోయింది.

"ఆ ఎంటర్ నువ్వు నొక్కవయ్యా, నావల్ల కాదు."

"అమ్మో, నన్నెందుకు ఇరికిస్తారు మేడమ్!" టెక్నీషియన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

కళ్లు మూసుకుని తనే నొక్కింది.

"తెరుచుకుంది మేడమ్" అన్న మాట విన్నాకే కళ్లు తెరిచింది. మూడూ యాభై రెండుకి స్కాన్ మొత్తం వచ్చింది. సర్జన్ ఆపరేషన్ థియేటర్ వైపు పరుగెత్తాడు.

సాయంత్రం ఏడింటికి పెద్దావిడ కళ్లు తెరిచిందని ఫోన్ వచ్చాకే కోడలు ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా స్టూలు లాక్కుని హాల్లో గడియారం కింద వేసి ఎక్కింది.

"మామయ్యా, కరెక్ట్ టైమెంత?"

నేను స్టూలు గట్టిగా పట్టుకుని, ఒక్క నిమిషం కూడా కలపకుండా చెప్పాను.