పులికి రాకెట్టు చూపించిన రోజు

ఇప్పుడు నేను చెప్పబోయేది నా తెలివితేటల గురించి. కాబట్టి ఇందులో అంతా నాశనమే, ముందే చెప్పేస్తున్నా. నవ్వొస్తే నవ్వుకోండి, నన్ను చూసి నవ్వడం మా ఊళ్ళో ఎవురికీ కొత్తకాదు. మధ్యలో ఎక్కడన్నా మీ నవ్వు ఆగిపోతే, ఆ తప్పు కూడా నాదే.

నా పేరు చెంగయ్య. బోటు ఇంజన్లు బాగుచేస్తా. ఇరవై ఏళ్ళుగా ఆ రొదలో పడి ఉండేసరికి, గట్టిగా అరిస్తే తప్ప నాకు మాట సరిగ్గా వినపడదు. నా పెళ్ళాం పెంచలమ్మ ఎండుచేపలు అమ్ముద్ది. ఆమె మెల్లగా తప్ప మాట్లాడదు. మా కాపురం ఎట్టా ఉంటుందో మీరే అనుకోండి.

పోయినేడు ఊరిబయట రొయ్యల గుంటలకి తెగులొచ్చి పంటంతా పోయింది. గుత్తకు తీసుకున్నాయన మోటార్లు, పైపులు, ఆఖరికి షెడ్డు మీద రేకులు కూడా ఊడబీక్కొని పోయినాడు. కాపలా కుక్కను మాత్రం గుంజకు కట్టింది కట్టినట్టే వదిలేసినాడు. ఏదో పాత ఇంజన్ మిగిలిందంటే చూద్దామని పోయి, నేను దాన్ని చూసినా. ఎన్ని దినాలైందో అది తిండి తిని. తాడు మెడలోకి కోసుకోని పోయుంది. గుంటల్లో రొయ్యల్ని తినే నీటికాకుల్ని తోలడానికి పొద్దస్తమానం టపాకాయలు కాలుస్తారు గదా, ఆ కాలిన కాగితాలన్నీ దాని గుంజ చుట్టూనే పడున్నాయి. నా చెప్పుల చప్పుడు వినీ వినకముందే పాపం ఉచ్చ పోసుకునింది.

తాడు కోసి, ఇంటికి ఎత్తుకొచ్చి, పులి అని పేరు పెట్టినా. పేరు గట్టిగా ఉంటే ధైర్యం దానంతటదే వస్తుందని నా లెక్క. పులి తిన్నగా మంచం కిందికి దూరి, ఇంక బయటికి రానంటే రాలేదు.

పశువుల డాక్టరమ్మ వచ్చి మెడకు మందు రాసింది. "పుండు మానుద్ది. భయానికి మాత్రం మీ ఓపికే మందు. దూరంగా చిన్న చప్పుడు చెయ్యండి, వెంటనే దానికి ఇష్టమైంది పెట్టండి. అది బెదిరిందంటే మీరు తొందరపడినట్టు. ఒకడుగు వెనక్కి పోండి" అనింది.

"ఎన్ని దినాలు పడుద్ది మేడమ్?"

"అది చెప్పాల్సింది నేను కాదు, మంచం కింద ఉండేది."

ఆ రోజు నుంచి పెంచలమ్మ పని మొదలు పెట్టింది. సాయంత్రం బేరం నుంచి రాగానే, గడప దగ్గర మంచానికి వీపు తిప్పి కూర్చునేది. గరిటెతో పళ్ళెం మీద ఒక్కసారి, వినపడీ వినపడనట్టు కొట్టేది. వెనక్కి చూడకుండా ఒక ఎండు నెత్తల్లు చేప విసిరేది. మళ్ళీ గరిటె, మళ్ళీ నెత్తల్లు. నాకు చూస్తానే ఆవలింతలు.

"ఏమ్మే, ఈ గరిటె చప్పుడు నించి టపాకాయ దాకా పోయేటప్పటికి మనిద్దరికీ పళ్ళూడిపోతాయి!"

"పెళ్ళైన కొత్తలో నువ్వు నాతో నోరు తెరిచి మాట్లాడ్డానికి ఎన్నాళ్ళు పట్టిందయ్యా?"

"నాలుగు నెలలు."

"అప్పుడు నిన్నెవురన్నా కాళ్ళు పట్టుకోని ఈడ్చినారా?"

దినాలు గడిచేకొద్దీ గరిటె దగ్గరికొచ్చింది. గిన్నె చప్పుడు అయింది. తలుపు అయింది. మూడో నెలలో పులి మూతి మంచం బయటికొచ్చింది. ఐదో నెలలో ఒకరోజు అది నడుచుకుంటా వచ్చి పెంచలమ్మ ఒళ్ళో తలపెట్టింది. ఆమె కదల్లేదు. కళ్ళనీళ్ళు కారిపోతా ఉంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు. తర్వాత నావైపు చూసి నవ్వింది. అట్టాంటి నవ్వు మా కాపురం మొత్తమ్మీద నాలుగుసార్లు చూసుంటానేమో.

ఇంక నా ఘనకార్యం. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరే రోజు మా వాళ్ళెవురూ చేపల వేటకు పోకూడదు. ఊరు ఊరంతా టీ అంగడి దగ్గరే. ఆ రోజు పొద్దున పెంచలమ్మ గంప ఎత్తుకుంటా చెప్పింది: "రాకెట్టు టైముకి వచ్చేస్తా. తలుపులన్నీ మూసి దాని పక్కన కూర్చుంటా. నువ్వు మాత్రం దాన్ని కట్టే తాడు ముట్టుకోవద్దు."

"నేనెందుకు ముట్టుకుంటా!"

ఆమె ఎక్కాల్సిన బస్సు ఆలస్యమైంది. నేనేమో టీ అంగడికి పోయినా. పక్కింటి మస్తానయ్య మొదలెట్టినాడు. "ఏందినా, మీ పులి ఇంకా మంచం కిందేనా? పిల్లిని పెంచుకోకూడదా?"

అందరూ గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు వచ్చింది నాకు ఆ ఆలోచన. రాకెట్టు కంటే పెద్ద చప్పుడు ఏముండాది? అదొక్కటి వినేసిందంటే ఇంక ఉరుములు, టపాకాయలు అన్నీ గరిటె చప్పుళ్ళే గదా! ఐదు నెలల పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మీకు పిచ్చి అనిపించొచ్చు. మా ఊళ్ళో పసిబిడ్డలు రాకెట్టు ఎగిరితే నిద్దర్లో పక్కకి కూడా తిరగరు. కిటికీలు గడగడమంటే మేము గ్లాసులో టీ ఒలక్కుండా పట్టుకుంటామంతే. అది మాకు చప్పుడు కిందికే రాదు.

పులి మెడకు పట్టీ వేసి, తాడు కట్టి, టీ అంగడి జనమంతా చేరిన చెరువుకట్ట మీదికి నడిపించుకొచ్చినా. పాపం తోకెత్తుకోని వచ్చింది. నన్ను నమ్మింది.

నీళ్ళకవతల శ్రీహరికోట వైపు నిప్పు లేచింది. నిప్పు ముందు కనపడుద్ది, చప్పుడు రావడానికి కాసేపు పడుద్ది. ఆ కాసేపూ పులి తలెత్తి చూస్తానే ఉంది. "అబ్బో, నిజంగా పులేనా!" అన్నాడు మస్తానయ్య. నేను మీసం మీద చెయ్యేసినా. నాకు దక్కిన మర్యాద అంతా ఆ కాసేపే.

తర్వాత చప్పుడొచ్చింది. కాళ్ళ కింద నేల అదిరింది. పులి మొరగలేదు, తిరిగి నా మొహంలోకి చూసింది. నేను నవ్వుతా, "ఏం కాదులేరా" అని తాడు బిగించి పట్టుకున్నా. పాత పుండు మీదనే బిగించినా. అది ఒక్క మెలిక తిరిగి, అడుసులోకి దూకి పోయింది. నా చేతిలో పట్టీ మిగిలింది.

పెంచలమ్మ గంప దించకముందే అడిగింది. "పులేది?"

"ధైర్యం వస్తుందని..."

తిట్టుంటే బాగుండేది. గరిటె, పళ్ళెం తీసుకోని బయటికి పోయింది. మూడు దినాలు ఊరూరా తిరిగినాము. నాతో ఒక్క మాట లేదు, నాకు పూర్తిగా చెవుడు వచ్చిందేమో అనుకున్నా.

నాలుగోరోజు ఎండవేళ కనపడింది. ఎక్కడో చెప్పనా? రొయ్యల గుంటల దగ్గర, ఆ గుంజకే ఆనుకోని కూర్చోనుంది. ఎవురూ కట్టలేదు. నేను కోసేసిన తాడు ముక్క దాని పక్కనే ఉంది. భయమేసినప్పుడు పోవడానికి దానికి తెలిసిన చోటు అదొక్కటే.

"పులీ!" అని పరిగెత్తబోయినా. అది నన్ను చూసి ఉచ్చ పోసుకునింది.

"ఆగు. కట్ట కిందికి పో" అనింది పెంచలమ్మ. మూడు దినాల తర్వాత మొదటి మాట.

ఆమె దానికి వీపు తిప్పి ఎండలో కూర్చుంది. గరిటె, నెత్తల్లు. గరిటె, నెత్తల్లు. పొద్దు వాలేదాకా. నేను కట్ట కింద కూర్చోని ఏడ్చినా. మెల్లగానే ఏడ్చినా, అదీ చప్పుడే గదా.

పులి ఆమె వెనకాలే ఇంటికొచ్చింది. పాఠం మళ్ళీ మొదటికొచ్చింది. గరిటె అయింది, గిన్నె అయింది, తలుపు అయింది, వీధిలో బండ్లు అయినాయి. మొన్న ఉరిమితే చెవి మాత్రం ఎత్తింది. ఇంక దానికి లోకంలో ఒక్కటే భయం మిగిలింది, తాడు చేత్తో పట్టుకున్న నేను.

అందుకని రోజూ సాయంత్రం నేను తాడు పట్టుకోని, వాకిట్లో వీపు తిప్పి నిలబడతా. పెంచలమ్మ దానికి ఒక నెత్తల్లు చేప పెడుతుంది.

"నాకు దగ్గొస్తా ఉండాదే."

"మింగు."

గోడమీంచి మస్తానయ్య తొంగి చూసినాడు. "ఏం చేస్తాండావునా?"

"గరిటె ఉద్యోగం" అన్నా.

నిన్నటికి నాకూ పులికీ మధ్య దూరం ఆరడుగులకొచ్చింది. పెంచలకోన నరసింహస్వామి మీద ఒట్టేసి చెప్తున్నా, నా ధైర్యం తీసుకుపోయి ఇంకో జీవికి పట్టించే పని ఈ జన్మలో చెయ్యను. ఈ ఒట్టు కూడా మెల్లగానే వేస్తున్నా. అది మంచం కిందనుంచి వింటా ఉంది.