అప్పగింతల దగ్గర ఇంకోసారి అన్నాను

ఇన్ని పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్నాను కాబట్టి నాకూ పెళ్లి మీద మనసు పడిందని మా అమ్మ తేల్చేసింది. ఆదివారం సత్తుపల్లి నుంచి ఎవరో నన్ను చూడటానికి వస్తున్నారట. పొద్దున కెమెరా బ్యాగు సర్దుకుంటుంటే చెప్పింది. ఆ కంగారుతోనే జూలూరుపాడులో పెళ్లికి వెళ్లాను.

అప్పగింతల దాకా బాగానే నడిచింది. పెళ్లికూతురి తండ్రి ఆమె చేతులను పాలపళ్లెంలో ముంచి, అత్తగారి చేతుల్లో పెట్టాడు. సరిగ్గా అప్పుడే కెమెరా కదిలి ఫొటో మసకగా వచ్చింది. అలవాటు కొద్దీ, "బాబాయ్, ఇంకోసారి పెట్టండి" అన్నాను.

ఆయన కూతురి చేతులు వెనక్కి తీసుకుని మళ్లీ పాలలో ముంచాడు. ఇక ఆ చేతులు వదల్లేదు.

"ఏందన్నా, పిల్లను మళ్ల ఇంటికి తోల్కపోతవా ఏంది?" అని అత్తగారు నవ్వింది.

ఆయన నా వైపు తిరిగాడు. "ఒక్కపారి ఇచ్చుడే కష్టమైంది బిడ్డా. రెండోపారి నాతోటి కాదు. మీ నాయనను అడుగు, ఆయనతోటి అయితదేమో."

చివరికి పెళ్లికూతురే తండ్రి పట్టులోంచి చేతులు మెల్లగా తీసి, తానే అత్తగారి చేతుల్లో పెట్టింది. ఆ ఫొటో బాగా వచ్చింది.

తిరిగి వచ్చే దారంతా ఒకటే గుబులు. నా చేతులు నేను అలా పెట్టగలనా? ఇప్పుడైతే పెట్టలేను. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు పెళ్లి మోజు పుడుతుందంటే, దవాఖానాలో పనిచేసేవాళ్లకు జ్వరం మీద మోజు ఉండాలి కదా, మీరే చెప్పండి.

ఇంటికి రాగానే నాన్నతో మాట్లాడాను. ఆదివారం వాళ్లను రావద్దని చెప్పమన్నాను.