సార్‌కు చెప్పని అధ్యాయం

మా తెలుగు సార్ పోయారన్న కబురు రెండు వారాల కిందట సోమవారం పొద్దున తెలిసింది. ఆళ్లగడ్డ నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి "అక్కా, నాయన పోయినాడు" అన్నాడు. నంద్యాలలో దొరికిన బస్సెక్కి పోయాను. ముఖం చూశాను కానీ, క్షమించమని అడగకుండానే తిరిగి బస్సెక్కాను.

ఆయన బడిలో నాకు మూడేళ్లు పాఠాలు చెప్పారు. కథలు రాయడం నేర్పింది మాత్రం నాకు నలభై దాటాక, వాళ్లింటి వసారాలో. ఆదివారాలు రాసింది పట్టుకుని వెళ్లేదాన్ని. ఆయన చదివేవారు కాదు. కాగితాలు పీట కింద పెట్టుకుని, వేరుశనక్కాయలు ఒలుస్తూ "నోటితో చెప్పు పాపా" అనేవారు. చెబుతూ చెబుతూ సగం మరిచిపోయేదాన్ని.

"మర్సిపోయినావే, అది కథకు అక్కర్లేదు, కొట్టేయ్. తెలిసి దాటేసినావే, కథ ఆడుండాది."

పక్క షెడ్డులో శిల్పుల ఉలి చప్పుడుకు నా గొంతు వినపడేది కాదు. విసుక్కుంటే ఒకసారి నన్ను అక్కడికే తీసుకెళ్లారు. "ఆ విగ్రహం ముక్కు చూడు, ఎంత లావు వదిలినాడో. నిదానంగా సన్నం చేస్తాడు. నువ్వు మొదటి రోజే సన్నంగా చెక్కుతాండావ్. తప్పొస్తే యాడ నుంచి తెచ్చి అతికిస్తావు?" ఆ తర్వాత మొదటి ప్రతిని అందంగా రాయడం మానేశాను.

సుతిమెత్తని మనిషేం కాదు. ఏ పాత్ర గురించి చెప్పినా "పొద్దున ఏం తినింది?" అని అడిగేవారు. తెలీదంటే, "అట్లయితే ఆమె నీకు పరిచయం లేదు. కనుక్కోని రా" అని కాఫీ ఇప్పించి పంపేసేవారు.

నా నవల మా తమ్ముడి గురించి. నాలుగేళ్ల కిందట వాడు డోన్ దగ్గర రైలు పట్టాల మీద ప్రాణం తీసుకున్నాడు. ఆ రోజు నవల్లోని అక్క అహోబిలం కొండ ఎక్కుతోందని, అక్కడ సిగ్నల్ లేక వాడి ఫోన్ అందలేదని చివరి అధ్యాయంలో రాశాను. అది చెబుతుంటే సార్ చేతిలో కాయ పక్కన పెట్టారు.

"కొండెక్కింది అంటివే, ఆమె కాళ్లు నొయ్యలేదు. చెమట పట్టలేదు. గుక్కెడు నీళ్లు తాగలేదు. ఆ పొద్దు నువ్వు యాడుండావు పాపా?"

నాకు ఒళ్లు మండింది. "ఇది కథ సార్. అక్క అంటే నేను కాదు" అన్నాను.

"కథే చెప్పు. నువ్వు యాడుంటివో ఆడ నిలబడి చెప్పు."

పీట కింది కాగితాలు లాక్కుని వచ్చేశాను. ఎనిమిది నెలలు ఆళ్లగడ్డ వైపు చూడలేదు. నంద్యాలకు వచ్చేవాళ్లతో ఆయన రెండుసార్లు కబురు పంపారు: "కోపముంటే ఉండనీ, కథ తీసుకోని రమ్మను." పోతే చెప్పాల్సి వస్తుందని పోలేదు. అంత పిరికిదాన్ని.

ఈ రెండు వారాల్లో ఆ అధ్యాయం ఎన్నిసార్లు మొదలుపెట్టానో. రాదు. ఎవరికి చెప్పినా అయ్యో పాపం, నీ తప్పేముంది అంటారు. ఆ మాట నాకొద్దు. ఏ పని చేస్తాండావప్పుడు, చేతులకేముంది అని అడిగే మనిషి ఇక లేడు. దిక్కు తోచక, ఆయన ఎదురుగా ఉన్నట్టే చెబుతున్నాను.

ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉన్నాను సార్. చపాతీ పిండి కలుపుతున్నాను. తమ్ముడు తాగినప్పుడల్లా ఫోన్ చేసి ఏడ్చేవాడు, ఆ వారంలో అది ఐదోసారి. వంటగట్టు మీద ఫోన్ కదిలింది. వాడి పేరు చూసి, చిటికెన వేలితో బోర్లా తిప్పాను. అది అట్లాగే వణుకుతూ గట్టు అంచుదాకా జరిగింది. కింద పడి పగిలిపోతుందని, పిండి చేత్తోనే గట్టిగా పట్టుకున్నాను. ఆగిపోయేదాకా పట్టుకునే ఉన్నాను.