కిరసనాయిలు క్యూలో మణిమంజరి

గవర్నర్‌పేటలో శౌరయ్యకి ముప్పై నాలుగు ఇళ్లున్నాయంటే ఆస్తిపరుడని అనుకునేరు. అవి అతను అద్దె పుస్తకాలు వేసే ఇళ్లు. సొంతానికి ఉన్నవి గుణదలలో ఒక రేకుల ఇల్లు, ఒక సైకిలు, అతని మాట ఒక్కటీ నమ్మని భార్య తెరేసమ్మ. పొద్దున్నే సైకిలు వెనక చెక్కపెట్టె కట్టుకుని, ఏలూరు కాలువ పక్కన తొక్కుకుంటూ ఊళ్లోకి వచ్చేవాడు. పెట్టెలో డిటెక్టివ్ నవలలుండేవి, అత్తాకోడళ్ల నవలలుండేవి. కానీ డెబ్బై నాలుగులో గవర్నర్‌పేట చదివినది మాత్రం ఒక్కటే: రత్నకూట రాజుల చరిత్ర. నెలకో భాగం వచ్చేది. అప్పటికి నలభై మూడు భాగాలయ్యాయి.

రత్నకూటం ఏ మ్యాపులోనూ లేదు. అక్కడ కొండలు ఎగురుతాయి, చిలకలు సాక్ష్యం చెబుతాయి, రాక్షసులు పన్ను కడతారు. అయినా తమ వార్డు కౌన్సిలరెవరో తెలియనివాళ్లు సైతం రత్నకూటాన్ని ఏలిన పదకొండు మందినీ వరసగా చెప్పేవారు. చెప్పి ఊరుకుంటే గొడవ లేకపోను. అందరిలోకీ గొప్ప పాలకుడు ఎవరన్నది తేలకపోవడంతోనే వచ్చింది చిక్కు.

రామకోటేశ్వరరావు మాస్టారు ధర్మధ్వజుడి మనిషి. ఆయన ముప్పై ఏళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. భూములు కొలిపించి, తూనికలు సరిచేయించి, సరిహద్దు రాళ్లు పాతించినవాడే రాజు, మిగతావాళ్లు కత్తులు తిప్పేవాళ్లు అనేవారు. సిటీ బస్సు డ్రైవరు ఆమోసుకి కత్తులే కావాలి. పదిహేడు యుద్ధాలు గెలిచిన ఉగ్రసింహుడిని ఎవరైనా చిన్నమాట అంటే హారను కొట్టినట్టు అరిచేవాడు. కాంపౌండరు గారి భార్య వెంకటరావమ్మ ఓటు సుకేతనుడికి. "అడిగిన ప్రతి మాయలాడికీ కుదరదని చెప్పి ఇంటికొచ్చిన మగాడు ఇంకొకడున్నాడా చూపించండి," అనేది.

శౌరయ్య ఓటు ఏ గుమ్మంలో నిలబడితే ఆ గుమ్మానిది. మాస్టారి వరండాలో గొంతు తగ్గించి, "మనలో మాటండీ, ధర్మధ్వజుడి ముందు మిగతా పదిమందీ దిగదుడుపే," అనేవాడు. వీధి దాటి ఆమోసు ఇంటికొచ్చేసరికి ఉగ్రసింహుడి మీసం మెలేసేవాడు. మేడమీద వెంకటరావమ్మ దగ్గర సుకేతనుడి శీలానికి కళ్లు ఒత్తుకునేవాడు. ఎవరి దగ్గరైనా చివరి మాట ఒకటే: "ఈ సంగతి ఎవరితోనూ అనకండి." రాజుని మెచ్చుకుంటే పుస్తకం ఇంకో వారం తిరుగుతుందని అతని లెక్క.

"ఊసరవెల్లి కూడా ఒక కొమ్మ మీద ఒక రంగే వేస్తదయ్యా," అనేది తెరేసమ్మ.

"దానికి ముప్పై నాలుగు ఇళ్లు లేవుగా," అనేవాడు శౌరయ్య.

ముప్పై నాలుగో ఇల్లు చౌడేశ్వరమ్మది. పెడనలో భర్త పోయాక పన్నెండేళ్లు రెండు మగ్గాలు నడిపి, షావుకార్లతో పోట్లాడి, కొడుకు మల్లేశ్వరరావుకి గవర్నర్‌పేట బట్టల కొట్లో ఉద్యోగం వచ్చాక అతనితో, కోడలితో వచ్చేసింది. వస్తూ రాట్నం తెచ్చుకుంది. వాళ్ల సందులో ఇంకా ఆడుతున్న మగ్గాలకి పొద్దంతా నూలు కండెలు చుట్టేది. ఆవిడకి చదువు రాదు. అందుకని మిగతా ఇళ్లలో పుస్తకం గుమ్మంలోంచి లోపలికి వెళితే, ఇక్కడ శౌరయ్యే లోపలికి వెళ్లి, రాట్నం ఎదురుగా పీట మీద కూర్చుని గంటసేపు చదివి వినిపించేవాడు. పత్రికలోనో ప్రెస్సులోనో పనిచేయవలసినవాడినని అతనికి లోలోపల ఉన్న దుగ్ధ ఆ పీట మీద తప్ప ఇంకెక్కడా తీరేది కాదు.

చౌడేశ్వరమ్మ కంటికి మణిమంజరి తప్ప వేరే పాలకులు ఆనరు. మణిమంజరి రత్నకూటాన్ని ఏలిన ఒకే ఒక్క ఆడది. భర్త యుద్ధంలో పోతే, మంత్రులు నగలు సర్దుకుని పుట్టింటికి పొమ్మంటే, పోనని సింహాసనం మీద కూర్చుంది. "కూర్చుంది చూడు, అదీ!" అని చౌడేశ్వరమ్మ ఆ పేజీ నాలుగుసార్లు చదివించుకుంది.

ముప్పయ్యొకటో భాగంలో రచయిత ఆ మణిమంజరిని చంపేశాడు. పాలలో విషం. శౌరయ్య ముందురోజు గుణదలలో చదువుకుని, మర్నాడు ఎలా చదవాలా అని తలపట్టుకుని వచ్చాడు. వచ్చేసరికి చౌడేశ్వరమ్మకి నూట మూడు జ్వరం. దుప్పటి కప్పుకుని, "మా రాణి ఎట్లా ఉంది శౌరయ్యా?" అంది.

"దివ్యంగా ఉందండీ మామ్మగారూ," అన్నాడతను.

జ్వరం తగ్గాక నిజం చెబుదామనుకున్నాడు. వారానికి జ్వరం తగ్గింది. కానీ ఈలోగా మణిమంజరి చిరతపులిని వేటాడి, పక్కరాజ్యం వాడి రాయబారిని గుర్రానికి తిరగేసి కట్టి పంపించింది. అంత పనిమంతురాలిని ఒక గిన్నెడు పాలతో చంపడానికి శౌరయ్యకి చేతులు రాలేదు. తర్వాత భాగాల్లో పుస్తకంలో వేరే రాజులొచ్చి పోట్లాడుకుంటున్నా, ఆ పీట దగ్గర మాత్రం మణిమంజరే ఏలుతోంది. సరుకు చాలనప్పుడు శౌరయ్య తను దారిలో చూసినవి వేసేవాడు. రత్నకూటంలో కాలువ తవ్వించాడు, లాకులు పెట్టించాడు, లాకుల దగ్గర పడవలు ఆపి రాణి చేత స్వయంగా తనిఖీ చేయించాడు. అలా ఏడాది గడిచింది.

ఆ ఏడే కిరసనాయిలు కరువొచ్చింది. డిపో వాడు ఎప్పుడు తలుపు తీస్తాడో వాడికే తెలియదు. జనం తెల్లారగానే డబ్బాలు వరసలో పెట్టేసి, ఎదురుగా అరుగుల మీద కూర్చునేవారు. క్యూలో ఉన్నది మనుషులు కాదు, డబ్బాలు. ఒక శుక్రవారం శౌరయ్య వచ్చేసరికి ఏ ఇంట్లోనూ ఎవరూ లేరు. అందరూ డిపో దగ్గరే ఉన్నారని విని, ఇంటింటికీ తిరిగే పని తప్పిందని సంతోషిస్తూ సైకిలు అక్కడికి తోలి, డబ్బాల వరస పక్కనే స్టాండు వేశాడు. తర్వాత చూసుకుంటే, ఒకరికొకరు ఎదురుపడకూడని నాలుగు ఇళ్లవాళ్లు ఒకే అరుగు మీద ఉన్నారు. మాస్టారు, ఆమోసు, వెంకటరావమ్మ. చివర్న కాళ్లు చాపుకుని చౌడేశ్వరమ్మ.

"ధర్మధ్వజుడుంటే ఈ క్యూ ఉండేదా?" అంటున్నారు మాస్టారు. "ఇంటికింత అని కొలిచి పంపేవాడు."

"ఉగ్రసింహుడైతే డిపో తలుపు ఒక్క తన్ను తన్నేవోడండీ," అన్నాడు ఆమోసు.

"తన్నితే అంటుకుంటుంది, అది కిరసనాయిలు," అంది వెంకటరావమ్మ. "అసలీ వాదన ఎందుకు? సుకేతనుడే గొప్పని శౌరయ్యగారే నాతో అన్నారు. పుస్తకాలన్నీ చదివిన మనిషి."

"శౌరయ్యా?" మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఏమోయ్, మొన్న బుధవారం మా వరండాలో ఏమన్నావ్?"

"నాతో ఏమన్నావన్నా?" అన్నాడు ఆమోసు.

శౌరయ్య నవ్వాడు. అటువంటప్పుడు నవ్వడం తప్ప ఇంకో దారి లేదు. తిట్లు తినడానికి అతను సిద్ధమే. పోతే నాలుగిళ్లు పోతాయి, మళ్లీ బతిమాలుకుంటే వస్తాయి. అంతలో చివరినుంచి చౌడేశ్వరమ్మ గొంతు వినపడింది.

"మీ రాజులంతా పోయినవాళ్లు కదర్రా. పోయినవాళ్ల గొప్పలు ఎన్నయినా చెప్పొచ్చు. ఇవాళ్టికీ ఏలుతున్నది మణిమంజరి ఒక్కతే. మొన్ననే లాకులు కట్టించింది."

శౌరయ్య నవ్వు మానేశాడు. నాలుగిళ్లూ పోనీ, ముప్పై మూడూ పోనీ. ఆ రాణి చచ్చిపోయి ఏడాదైందని ఈ నడిబజార్లో, ఇంతమంది మధ్య ఆవిడకి తెలియకూడదు. అంతకుమించి అతనికేమీ తోచలేదు.

"లాకులా?" అంది వెంకటరావమ్మ. "మణిమంజరి ఏంటి పిన్నిగారూ, ఆవిడ ఎప్పుడో..."

"వెంకటరావమ్మగారూ! మీ కొత్త నవల తెచ్చానండీ, ముందు మీకే," అంటూ శౌరయ్య అడ్డుపడ్డాడు.

"ఉండండి. ఆవిడ ఎప్పుడో..."

"మాస్టారూ, మీ డబ్బా మీద కాకి వాలింది!"

"వాలనీ," అన్నారు మాస్టారు. చరిత్రలో తప్పు చెబితే ఆయన ఊరుకునే మనిషి కాదు. "చౌడేశ్వరమ్మగారూ, మీకెవరో తప్పు చెప్పారు. నోటిమాట నాది కూడా నమ్మవద్దు. ఆధారం చూపిస్తాను." నేరుగా వెళ్లి శౌరయ్య పెట్టె తెరిచి, పాత భాగాల్లోంచి ముప్పయ్యొకటోది తీశారు. వేలు తడిచేసుకుని పేజీలు తిప్పి, తరగతిలో వెనక బెంచీకి వినపడే గొంతుతో మొదలుపెట్టారు.

"మంత్రి అందించిన బంగారు గిన్నెను మణిమంజరి పెదవులకు ఆనించినది. ఆ పాలలో కాలకూటము కలిసియున్నదని ఆమె ఎరుగదు. గుటక దిగినది. మరుక్షణమే..."

శౌరయ్య కాలితో సైకిలు స్టాండు పైకి తన్ని, హ్యాండిలు వదిలేశాడు.

అరవై పుస్తకాల పెట్టెతో సైకిలు నిలువునా డబ్బాల వరస మీద పడింది. ఆ సందు మురుక్కాలువ వైపుకి వాలు. యాభై ఖాళీ డబ్బాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ దొర్లాయి. అరుగుల మీద జనమంతా ఒక్కసారి లేచారు.

"ఎర్ర తాడుది నాది!"

"ఎర్ర తాడు నాకూ ఉందండీ, వదలండి!"

"నేను మూడోవాణ్ణి! మూడో స్థానం!" మాస్టారు పుస్తకం శౌరయ్య మీదికి విసిరేసి, ఎవరిదో డబ్బా చంకన పెట్టుకుని డిపో తలుపుకి ఆనుకున్నారు. "క్రమం! అందరూ క్రమం పాటించాలి!"

"మీ ధర్మధ్వజుడు ఇట్లాగే ముందుకి దూరేవాడా మాస్టారూ? అది మా డబ్బా!" అని వెంకటరావమ్మ పిడి పట్టుకుని లాగింది. పదిహేడు యుద్ధాల అభిమాని ఆమోసు మురుక్కాలువలో మోకాళ్లదాకా దిగి తన డబ్బా వెతుక్కుంటున్నాడు. డిపో వాడు గోల విని తలుపు తీసి, ఆ దృశ్యం చూసి మళ్లీ వేసుకున్నాడు.

గంటన్నర తర్వాత కిరసనాయిలు దొరికింది. అప్పటికి రత్నకూటం సంగతి ఎవరికీ గుర్తులేదు. ఎవరి ముందు ఎవరున్నారన్నదే అప్పటి చరిత్ర. అందరూ కలిసి శౌరయ్యని తిట్టారు. స్టాండు సరిగ్గా వేయడం రానివాడు సైకిలెందుకు తొక్కాలి అన్నారు మాస్టారు. నెల్లాళ్లు పుస్తకం వేయొద్దని కూడా అన్నారు. ఏడు పుస్తకాలు బురదలో పడి పనికిరాకుండా పోయాయి. అన్నిటికీ శౌరయ్య తలూపి, చౌడేశ్వరమ్మ డబ్బా సైకిలు హ్యాండిలుకి తగిలించి, ఆవిడ పక్కనే నడిపించుకుంటూ బయలుదేరాడు.

సందు మలుపు తిరిగారు. అప్పుడు చౌడేశ్వరమ్మ అంది: "పాలు తాగిందా శౌరయ్యా?"

శౌరయ్య బెల్లు మీద బొటనవేలు పెట్టి తీశాడు. "తాగిందండీ."

"విషం కలిపినవి?"

"అవునండీ."

"నాకీ సంగతి చదవలేదే?"

"మీకు జ్వరమండీ అప్పుడు," అన్నాడు.

"అదీ నిజమే," అని చౌడేశ్వరమ్మ కొంతదూరం నడిచింది. "మాస్టారు గుటక దిగిందనేదాకా చదివాడు. ఆ పైన డబ్బాల గోలలో నాకేం వినపడలేదు. విషం తాగి మరి ఇన్నాళ్లూ ఎట్లా ఏలుతోందో, అది నువ్వు చదవాలి. రేపు రా."

"అలాగేనండీ."

"ఇంకో మాట. చదివేటప్పుడు మధ్యమధ్య పేజీ తిప్పుతుండు. గంటసేపు ఒకే పేజీ చదివితే కోడలు ఏమనుకుంటుంది?"

ఆ రాత్రి తెరేసమ్మ రెండుసార్లు లేచి చూసినా శౌరయ్య నిద్రపోలేదు. విషానికి విరుగుడు ఏమిటని ఆమెనే అడిగాడు. చింతపండు నీళ్లు తాగించమంది. రాణులకి చింతపండు బాగుండదన్నాడు. అయితే నీ ఖర్మ అని ఆమె అటు తిరిగి పడుకుంది.

మర్నాడు శౌరయ్య పీట మీద కూర్చుని ముప్పయ్యొకటో భాగం తెరిచాడు. రాట్నం తిరుగుతోంది. గుటక దిగింది, మణిమంజరి తూలింది, చెలికత్తె పరుగెత్తింది. రాజవైద్యుడు ఊళ్లో లేడు, ఎగిరే కొండ మీదికి వెళ్లాడు. అతని కోసం గుర్రాలు బయలుదేరాయి. దారిలో కాలువకి గండి పడింది. శౌరయ్య రెండు నిమిషాలకోసారి తప్పకుండా పేజీ తిప్పుతూ వచ్చాడు. పుస్తకంలో ఉన్నవి నూట నాలుగే పేజీలు. వైద్యుడు ఇంకా గండి దాటకముందే ఆఖరి అట్ట వచ్చింది.

శౌరయ్య తలెత్తి చూశాడు. చౌడేశ్వరమ్మ కొత్త కండె తగిలించుకుంటోంది. అతను పుస్తకం మూసి, మళ్లీ మొదటి పేజీ తెరిచి, గొంతు సవరించుకుని, గండి దగ్గర ఆగిన గుర్రాలని అందుకున్నాడు.