చీరల దారిన వచ్చిన గుర్రాలు

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్లు దాటి సాలువా వైపు వెళ్తే కనుచూపు మేర బీడు ఉండేది. జట్కాలు మూలపడ్డాక, తోలినవాళ్ళు గుర్రాలను అక్కడే వదిలేశారు. వాటికి పిల్లలు పుట్టాయి. మనిషి చెయ్యి ఎరగని ఆ పిల్లలు మనల్ని చూస్తే చాలు, దుమ్ము రేపుకుంటూ పారిపోయేవి.

గడ్డి కోసం పట్టాలు దాటబోయి ఒక సంవత్సరం రెండు గుర్రాలు గూడ్సు బండి కింద పడ్డాయి. మిగిలినవాటినైనా కాపాడాలని మా వీధి మగవాళ్ళు కర్రలూ డప్పులూ పట్టుకుని బయల్దేరారు. అవి బెదిరి తిన్నగా పట్టాల మీదికే పరుగెత్తాయి. ఆ పూట రైలు రాకపోవడం వాటి అదృష్టం.

మర్నాడు మా మేనత్త రంగంలోకి దిగింది. ఆవిడ నోటికి వీధంతా హడలేది. "ఆ డప్పులు ఇంటికాడెట్టి రండి. పెళ్ళికేటి ఎల్తన్నారు?" అని మగవాళ్ళను కడిగేసింది. ఇంటింటా పాత చీరలు పోగుచేసి, వెదుళ్ళు పాతించి, రెండు పక్కలా గోడల్లా కట్టించింది. బీడు దగ్గర వెడల్పుగా మొదలై, పోనుపోను ఇరుకై, పాడుబడ్డ ఇటుకబట్టీ ప్రహరీలోకి చేరే దారి అది. గుర్రాల వెనకాల చాలా దూరంగా మేం నడిచాం. అవి తలెత్తితే ఆగి, మొహం పక్కకి తిప్పుకోవాలి.

"తొందరేటే గుంటా? దాని బెదురు పోయేదాకా నిలబడు," అంది అత్త నాతో.

పొద్దుగూకేసరికి ఒక తల్లిగుర్రం పిల్లను వెంటబెట్టుకుని చీరల మధ్యకు నడిచింది. మిగతావి దాని వెనకే వచ్చాయి. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు. నా ఆనందం అంతా ఇంతా కాదు.

తర్వాతి సంగతి ఎవరూ ఆలోచించలేదు. ప్రహరీలో గడ్డి అయిపోయింది. ఇళ్ళలోంచి గంజీ తవుడూ ఎన్నాళ్ళని మోస్తాం? ఈలోగా అవి మచ్చికై నా అరచేతిలో మూతి పెట్టేవి. చివరికి పెద్దలు వాటిని ఎవరో బేరగాడికి ఇచ్చేశారు. లారీ వచ్చింది. తాడుతో పనే లేకపోయింది. తల్లిగుర్రం తనంతట తానే లారీకి ఆనించిన పలక ఎక్కింది. ఎక్కడికని అడిగితే లారీవాడు నవ్వి, వెనక తలుపు గడియ వేశాడు.

"బెదురుంటే పారిపోయేవి. ఆ బెదురు నానే తీసీసినాను," అంది అత్త. వెదుళ్ళకున్న చీరలు ఒక్కొక్కటే విప్పి, ఎవరివి వాళ్ళకి ఇచ్చేసింది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. అదే ఊళ్ళో, మలంచాలో మా గుమ్మం ముందుకు అప్పుడప్పుడు ఏ కుక్కపిల్లో బిక్కుబిక్కుమంటూ వస్తుంది. ఎలా నిలబడితే దగ్గరికి వస్తుందో నాకు బాగా తెలుసు. అన్నం పెడతాను. తిన్నాక మాత్రం కర్ర ఎత్తి అదిలిస్తాను. అది నన్ను నమ్మితే నేను భరించలేను.