బుజ్జిగాడికి మాస్టారు కావలెను

ఆ పెద్దమనిషిని తీసుకొచ్చింది నేనే. ఫోన్లో ఏదో వీడియో చూసి, ఇతనైతే పులిని కూడా పిల్లిని చేసేస్తాడని మా పిన్నిని ఊదరగొట్టాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే. చెంపలేసుకుని కథలోకొస్తాను.

మా పిన్ని బట్టలు కుడుతుంది. మూడో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో మిషను, బట్ట కత్తిరించే బల్ల, గోడకి ఆన్చిన నిలువుటద్దం. వెనక గదిలో ఆమె, ఆమె కుక్క. పేరుకి బుజ్జిగాడు, ఒళ్ళు మాత్రం దున్నపోతుది. మనుషులంటే వాడికి ప్రాణం. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ పాదాల మీద తల పెట్టుకుని గుర్రుపెట్టి నిద్రపోతాడు. ఇంకో కుక్క కంటబడిందా, పూనకమే.

మొన్నామధ్య మెట్ల మలుపులో కింది వాటా తాతగారి చిన్న కుక్క ఎదురొచ్చింది. ఆయన దాన్ని ఎత్తుకునేలోపే బుజ్జిగాడు మీద పడ్డాడు. పిన్ని తాడు వదల్లేదు. తాడే ఆమె అరచేతుల తోలు ఒలుచుకుపోయింది. చిన్న కుక్క చెవి చిరిగింది. తాతగారు పల్లెత్తు మాట అనలేదు. దాన్ని గుండెలకి హత్తుకుని మెట్ల మీదే కూలబడి ఏడ్చారు. ఇల్లుగలాయన మాత్రం తేల్చి చెప్పేశాడు: "ఇంకోసారి జరిగితే ఆ కుక్క ఇక్కడుండదమ్మా. ఎక్కడ వదిలేస్తారో మీ ఇష్టం."

అప్పటినుంచి పిన్నిది గుండె గుప్పిట్లో పెట్టుకున్న బతుకు. ఎండ మాడ్చేసే వేళ, వీధిలో పురుగు కూడా తిరగనప్పుడు వాణ్ణి కిందికి దింపేది. ప్రతి మలుపు దగ్గరా ముందు తను తొంగిచూసేది. ఎక్కడో గొలుసు గలగలమంటే చాలు, వాణ్ణి వెనక్కి మెట్లెక్కించేసేది. మిషను ముందు కూర్చున్నా చెవులు మెట్ల మీదే. ఆ ధ్యాసలో ఒకాయన చొక్కాకి రెండూ కుడి చేతులే కుట్టేసింది.

అప్పుడు దిగాడు నా వీడియో వీరుడు. నల్ల కళ్ళద్దాలు, చేతిలో లోపలివైపు ముళ్ళున్న మెడపట్టీ.

"వారం ఇవ్వండి మేడం. ఆ తర్వాత వీడు నోరెత్తితే నన్నడగండి. గ్యారంటీ."

"వీడు ఎక్కడ మొదలెడతాడో, ఎలా మొదలెడతాడో చెప్పనా బాబూ?"

"అవన్నీ అక్కర్లేదు. కుక్కలన్నీ ఒకటే. బాస్ ఎవరో తెలియాలి, అంతే!"

పట్టీ వేసి వీధిలోకి లాక్కెళ్ళాడు. చివర్న ఎవరిదో కుక్క కనబడింది. బుజ్జిగాడు గుర్రుమన్నాడో లేదో, వీరుడు పట్టీ పట్టి ఒక్క గుంజు గుంజాడు. కుయ్యోమన్నాడు బుజ్జిగాడు. మళ్ళీ గుర్రు, మళ్ళీ గుంజు. ఆ తర్వాత వాడి నోట్లోంచి చప్పుడే లేదు.

"చూశారా!" అన్నాడు వీరుడు. నేను చప్పట్లు కూడా కొట్టాను, సిగ్గులేకుండా.

పిన్ని బుజ్జిగాడి కళ్ళలోకి చూస్తోంది. నోరైతే మూశాడు గానీ ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయింది. చూపు ఆ కుక్క మీంచి కదలడం లేదు. ఇన్నాళ్ళూ గుర్రుమని ముందే చెప్పేవాడు. ఇకమీదట చెప్పకుండానే పట్టేస్తాడు. ఆ ఆలోచన రాగానే పిన్ని వీరుడికి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆ పట్టీ తీసెయ్యండి బాబూ." చెయ్యి చాపి తాడు అందుకుంది. "కొలతలు తీసుకోకుండా కత్తెర పట్టేవాడి చేతికి నేను గుడ్డపేలిక కూడా ఇవ్వను."

తర్వాత పశువుల డాక్టరమ్మ చెబితే, కుక్కలకి నడత నేర్పే ఇంకొకావిడ వచ్చింది. కుక్కని ముట్టుకోలేదు. నేల మీద చతికిలబడి ప్రశ్నలు మొదలెట్టింది. ఎంత దూరంలో కుక్క కనిపిస్తే చెవులు నిక్కబొడుస్తాడు? అప్పుడు పిలిస్తే తిరిగి చూస్తాడా? చిన్నప్పుడు వాణ్ణే ఏదైనా కరిచిందా? కట్టు కట్టిన పిన్ని చేతులు చూసి, "మీరు తాడు బిగించిన ప్రతిసారీ ఏదో ప్రమాదం వస్తోందని వాడికి చెబుతున్నట్టేనండీ" అంది.

ముగ్గురం ఖాళీ మైదానానికి వెళ్ళాం. అవతలి గట్టున ఒక కుక్క. బుజ్జిగాడు దాన్ని చూశాడు, అయినా ఆవిడ చేతిలో బిస్కెట్టు తిన్నాడు. ఆవిడ ఆగిపోయింది.

"ఇదీ వీడి కొలత, ఇంత దూరమైతే తట్టుకుంటాడు. ఇవాళ్టికి ఇంతకంటే ముందుకెళ్ళం. కరవకుండా మూతికి తొడిగే జాలీ బుట్ట కూడా మెల్లగా అలవాటు చేద్దాం."

"మంచివాడైపోతాడాండీ?"

"చెప్పలేనమ్మా. ఇంకో కుక్కతో స్నేహం ఎప్పటికీ చెయ్యకపోవచ్చు. పక్కనుంచి నడిచి వెళ్ళిపోవడం నేర్పగలనేమో, అదీ నెలల మీద. జాగ్రత్త మాత్రం వాడున్నంతకాలం మీకు తప్పదు."

పిన్ని మొహం పాలిపోయింది. అయినా, "రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అంది.

ఇంటి మెట్లెక్కుతూ నేను ఉండబట్టలేకపోయాను. "అదేంటి పిన్నీ! అతను గ్యారంటీ ఇస్తానంటే పొమ్మన్నావు. ఏ గ్యారంటీ లేదన్న ఆవిణ్ణి రమ్మన్నావు!"

పిన్ని మలుపు దగ్గర ఆగి, పైకీ కిందికీ చూసి, ఏ కుక్కా రావడం లేదని తేల్చుకున్నాక నావైపు తిరిగింది.

"నిన్ను కన్నప్పుడు మా అక్కకి ఎవడిచ్చాడ్రా గ్యారంటీ?"